ఒక చెయ్యి రెయిలింగ్‌కి

ఆ ఏడు వానలు మొదలైన వారంలోనే మా దూదిని మొదటిసారి బంతి మేడం దగ్గరికి తీసుకెళ్ళాను.

దూది నా కూతురు. రెండున్నరేళ్ళు దాటినా నిలబడదు. గోడకి ఆనిస్తే కూర్చుంటుంది, ఆసరా తీస్తే పక్కకి ఒరిగిపోతుంది. కండల్లో బిగువు తక్కువని పిల్లల డాక్టరు చెప్పాడు. ఎందుకు తక్కువో ఏ పరీక్షలోనూ తేలలేదు. తేలలేదంటే చెప్పడానికి ధైర్యం చాలనంత పెద్దదే ఏదో ఉండి ఉంటుందని నేననుకున్నాను. నా బుర్ర అంతే. ఎవరైనా తలుపు కొడితే ముందు చావు కబురే గుర్తొస్తుంది. వణుక్కుంటూ తలుపు తీస్తే పాలవాడు ఉంటాడు.

పుట్టినప్పుడు ఒళ్ళో వేసుకుంటే మెత్తగా, ఎటు తిప్పితే అటు ఒదిగిపోయేది. చూసినవాళ్ళందరూ ముద్దుగా దూది అన్నారు. పేరు ముద్దుగానే ఉండిపోయింది. మెత్తదనమే రోజులు గడిచేకొద్దీ ముద్దుగా ఉండటం మానేసింది.

వ్యాయామం చేయించే చోటు ఒక పొడుగాటి హాలు. నేలంతా నీలం చాపలు, ఒక గోడ నిండా అద్దం, మూలన నా నడుమంత ఎత్తు రబ్బరు బంతులు. ఆ బంతుల మధ్య నేలమీద కూర్చున్నావిడే మేడం. పొట్టిగా, కత్తిరించిన జుట్టుతో, పొట్టితనానికి ఏమాత్రం పొంతన లేని వెడల్పాటి అరచేతులతో ఉంది. ఆ వానాకాలమంతా ఆవిడ కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. పిల్లలందరూ బంతి మేడం అనే పిలిచేవాళ్ళు. మాటలు రాని పిల్లలు బంతిని చూపించేవాళ్ళు.

"ఇలా ఇవ్వండమ్మా," అని దూది చంకల కింద చేతులు పెట్టి పైకి లేపింది.

దూది భుజాలు చెవుల దాకా లేచిపోయాయి. చేతులు పైకి వెళ్ళిపోయాయి. ఒళ్ళంతా ఆ రెండు చేతుల మధ్య నుంచి సబ్బుముక్కలా కిందకి జారడం మొదలెట్టింది. నేను కెవ్వుమని ముందుకి దూకాను. అప్పటికే మేడం మోకాలు పిల్ల కిందకి వచ్చేసి ఉంది.

"మీరు కూర్చోండమ్మా. కింద నేనున్నాగా."

"జారిపోతుంది మేడం. ఎప్పుడూ అంతే. మా ఇంట్లో ఎవరూ అలా ఎత్తరు."

"మరి ఎలా ఎత్తుతారు?"

చూపించాను. ఒక చెయ్యి వీపుకి, ఒక చెయ్యి కిందకి, తలకి నా గడ్డం ఆసరా. మేడం నా చుట్టూ మోకాళ్ళ మీదే ఒకసారి తిరిగింది, కొత్త బీరువాని చూసినట్టు.

"మీరు బాగానే పట్టుకున్నారు," అంది. "తనే పట్టుకోవట్లేదు. చూడండి, ఆ చేతులు ఎక్కడున్నాయో."

దూది చేతులు రెండూ నా వీపు వెనక వేలాడుతున్నాయి.

"నడుస్తుందా మేడం?"

"అది ఇవాళ నేను చెప్పలేను. ముందు తన ఒంటిని తను పట్టుకోవడం నేర్చుకోవాలి. తర్వాత మిమ్మల్ని పట్టుకోవడం. నడక సంగతి ఆ తర్వాత అడగండి, దాచకుండా చెప్తాను."

అన్ని మాటల్లో నాకు వినపడింది 'చెప్పలేను' ఒక్కటే. దారంతా గొడుగు కింద ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాను.

ఆ ఏడుపు ఆరకముందే ఇంకొకటి వచ్చి పడింది. అప్పుడు నాకు నాలుగో నెల. మొదట్లో కాస్త ఇబ్బంది పడ్డానని లేడీ డాక్టరు నన్ను జాగ్రత్తగా చూస్తోంది. దూదిని చంకలో వేసుకుని వెళ్ళిన నన్ను చూసి ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. "ఇప్పటికి సరే. ఆరో నెల నిండాక ఈ బరువుతో మెట్లెక్కి దిగడం మాత్రం ఒప్పుకోను. ఎవరినైనా చూసుకోండి," అంది.

మాది రెండో అంతస్తు. లిఫ్టు లేదు. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ఇందులో హాస్యం ఏమిటో మా వీధిలో ప్రతివాళ్ళూ మాకు వివరించి చెప్పేశారు, ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఆయన పొద్దున్నే వెళ్తే చీకటి పడ్డాకే రావడం. మేడం దగ్గర పిల్లల్ని చూసేది పొద్దున పూటే.

"నేను తీసుకెళ్తా," అంది మా అత్తయ్య, టీ గ్లాసు పక్కన పెట్టి.

మేమిద్దరం ఆవిడ కుడి మోకాలి వైపు చూశాం.

"మోకాలిని ఏం చూస్తార్రా, మొహం చూడండి. ముప్పై ఏళ్ళు ఆస్పత్రి లాండ్రీలో తడి దుప్పట్లు మోసిన భుజాలివి. వీటికేం కాలేదు. మోకాలే మొండికేస్తుంది. అందుకని మెట్ల మీద నాకు ఒక చెయ్యి రెయిలింగ్‌కి కావాలి. మిగిలేది ఒక్క చెయ్యి. ఆ ఒక్క చేత్తో దీన్ని మోస్తాను. కానీ అది నన్ను పట్టుకోవాలి."

"పట్టుకుంటుందిలే అమ్మా," అన్నాడు ఆయన.

"నీ లిఫ్టు తీగ గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పకు. ఇప్పుడు దీన్నెత్తుకుంటే ఎలా ఉంటుందో తెలుసా? నీళ్ళలోంచి తీసిన దుప్పటి ఎత్తుకున్నట్టుంటుంది. ఇటు సర్దితే అటు జారుతుంది. అలాంటిదాన్ని ఒంటిచేత్తో మెట్ల మీదుగా నేను దించను. నేను పడితే పడ్డాను, దాన్ని పడెయ్యను."

ఆవిడ మాట కటువు గానీ లెక్క సరిగ్గానే ఉంది. వానలు వెనక్కి తగ్గేలోపు దూది పట్టుకోవడం నేర్చుకుంటే అత్తయ్య తీసుకెళ్తుంది. నేర్చుకోకపోతే నేను కని, లేచి, మళ్ళీ ఎత్తుకోగలిగేదాకా అన్నీ ఆగిపోతాయి. ఒక్క వారం కూడా పోగొట్టుకోవద్దని మేడం మొదటిరోజే చెప్పింది.

అప్పటినుంచి నాకు కలలో కూడా మెట్లే.

*

మేడం పని చూస్తే మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఏమీ చెయ్యనట్టు కనిపించేది. దూదిని బోర్లా వాలుదిండు మీద పడుకోబెట్టి, కాస్త ఎత్తులో ఒక చెంచా పట్టుకుని, ఊరికే ఉండేది. చెంచా ఆడించదు. పిలవదు. చప్పట్లు కొట్టదు. దూది నుదురు చాప మీద ఆనించి పడుకునే ఉండేది. నేను ఆగలేక "చూడమ్మా, చెంచా చూడు, బంగారం కదూ" అనేదాన్ని.

"మీరు పిలిస్తే మీకోసం లేస్తుంది," అనేది మేడం. "చెంచా కోసం లేవనివ్వండి."

ఎంతోసేపటికి దూది మెడ కదిలేది. తల లేచేది. వణుకుతూ, కొత్తగా పెట్టిన బల్బులా మిణుకు మిణుకుమంటూ కాసేపు నిలిచేది. ముక్కు మళ్ళీ చాపకి తగిలేది. అప్పుడు మేడం "ఊఁ" అనేది. అంతే. శభాష్ లేదు, ముద్దు లేదు. కానీ ఆ "ఊఁ" ఊరికే రాదని రోజులు గడిచేకొద్దీ నాకు తెలిసింది. తల నిజంగా లేచినప్పుడే వచ్చేది. నేను దాని కోసం పరీక్ష ఫలితాల కోసం చూసినట్టు చూసేదాన్ని.

తర్వాత బంతి. దూదిని దాని మీద కూర్చోబెట్టి, తుంటి దగ్గర మాత్రం పట్టుకుని, మెల్లిగా పైకీ కిందకీ ఊపేది. నిద్రపోయే కండల్ని లేపడానికట. దూదికి అదంటే ఇష్టం. నోరంతా తెరిచి, చప్పుడు లేకుండా నవ్వేది. తర్వాత బంతి కొంచెం పక్కకి ఒరిగేది. దూది కూడా ఒరిగేది.

"పడిపోతుంది మేడం!"

"పడనివ్వను. కానీ పడబోతున్నానని తనకి తెలియాలి కదా. మీరు ఇంతవరకు తెలియనివ్వలేదు."

ఆవిడ చేతుల్ని అప్పుడే నేను సరిగ్గా చూశాను. పిల్ల ఒరుగుతున్నప్పుడు ఆ అరచేతులు గట్టిగా బిగియవు, వదలవు. బియ్యం చెరిగేవాళ్ళ చేతులకి చాట బరువు తెలిసినట్టు వాటికి దూది నడుములో ఎంత బలం వచ్చిందో తెలిసేది. వచ్చినంత మేరా అవి పక్కకి తప్పుకునేవి. రానంత మేరా ఉండేవి. మా ఆయనకి చెప్తే, "మేము లిఫ్టులో బరువు సమం చేసేది అలాగే, కాకపోతే ఇనప దిమ్మలతో," అని మెచ్చుకున్నాడు. ఆయన ఎవర్నీ తొందరగా మెచ్చుకోడు.

నాకు అప్పజెప్పిన పని మోయడం. కొత్త రకంగా మోయాలి. దూదిని నా నడుముకి ఒక పక్కగా, కాళ్ళు అటొకటి ఇటొకటి వేసి కూర్చోబెట్టి, వీపు వదిలేసి కింద మాత్రమే పట్టుకోవాలి. మెట్లెక్కేటప్పుడు ఒక పక్క, దిగేటప్పుడు ఇంకో పక్క.

"చెయ్యి కిందకి," అనేది మేడం. మొదట పక్కటెముకల దగ్గరుండేది నా చెయ్యి. తర్వాత నడుం దగ్గరికి దించమంది. ఆ తర్వాత తుంటి దగ్గరికి. ప్రతిసారీ నాకు రైలుపట్టా మీద నిలబడ్డట్టు ఉండేది. అందుకని హాల్లో దించేదాన్ని, వీధిలోకి రాగానే మళ్ళీ పైకి ఎక్కించేసేదాన్ని.

"మలుపు తిరిగాక మీ చెయ్యి మళ్ళీ వీపు మీదికి పాకుతోంది కదూ?" అంది ఒకరోజు.

"లేదు మేడం!"

"మీ ఎడమ భుజం పైకి లేచిపోయి ఉంది. పిల్లని మొత్తం మోసేవాళ్ళకే అలా లేస్తుంది."

వీధిలో నా వెనక ఎవరినైనా పంపిందేమోనని రెండు రోజులు వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచాను.

ఒకసారి ధైర్యం చేసి, నా కడుపు మీద చెయ్యి పెట్టుకుని అడిగాను. "మేడం, ఈ రెండోది కూడా..."

ఆవిడ బంతిని తుడుస్తోంది. తుడవడం ఆపలేదు. "తెలీదమ్మా. వచ్చాక చూద్దాం. వస్తే నా చాప పెద్దదే."

ఎవరు ఎంత ఓదార్చినా రాని ముల్లు ఆ ఒక్కమాటకి కొంచెం బయటికొచ్చింది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

*

ఇంట్లో సంగతి వేరు. ఇంట్లో మా అత్తయ్య ఉంది.

వాన ముసురుకి బట్టలు ఆరక గదిలోనే తీగలు కట్టాం. అత్తయ్య మంచం అంచున కూర్చుని తువ్వాళ్ళు మళ్ళీ పిండేది. ఒకరోజు నేను వంటింట్లోంచి వచ్చి చూస్తే, దూది గోడకి ఆని కూర్చుని ఉంది. దాని చేతుల్లో తువ్వాలు ఒక కొస. రెండో కొస అత్తయ్య చేతిలో.

"పట్టు!" అంటోంది అత్తయ్య, పోలీసు గొంతుతో. "దుప్పటి పిండాలంటే ఇద్దరుండాలి. నా జోడీ రిటైరై మనవల దగ్గరికి పోయింది. నువ్వు రావే ఉద్యోగంలోకి. పట్టు! ఆఁ... లాగు!"

లాగింది. దూది కాదు, అత్తయ్య. దూది గోడ వదిలేసి ముందుకి వచ్చేసింది. నేను చేతిలో గరిటెతోనే పరుగెత్తాను.

"చేతులు ఊడొస్తాయి అత్తయ్యా!"

"ఊడొస్తే కుట్టిస్తాలే. నువ్వెళ్ళు, కూర మాడుతోంది."

మర్నాడు మేడంకి చెప్పాను. చెప్పానంటే, ఫిర్యాదు చేశాను. పెద్దావిడ, మనం చెప్తే వినదు, మీరే ఒకసారి గట్టిగా చెప్పండి అని. మేడం అంతా విని, "లాగినప్పుడు దూది నడుం వెనక్కి వాలుతోందా, ముందుకి ముడుచుకుంటోందా?" అని అడిగింది.

"నేను చూడలేదు మేడం. నేను అరుస్తున్నాను."

"మీ అత్తగారిని ఒకసారి తీసుకురండి."

ఆ తర్వాతి ఆదివారం మా ఆయన దూదిని ఎత్తుకున్నాడు, అత్తయ్య రెయిలింగ్‌ని ఎత్తుకున్నంత గట్టిగా పట్టుకుని దిగింది. మేడం ఆ రోజు మాకోసమే హాలు తెరిచింది. అత్తయ్యకి పొట్టి స్టూలు వేసి, ఎదురుగా దూదిని తన కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, "కానివ్వండి," అంది. తువ్వాలు మేమే పట్టుకెళ్ళాం.

"పట్టు!" అంది అత్తయ్య. హాలంతా మోగింది.

దూది పట్టింది. మేడం చూసింది. "మంచిదమ్మా. ఒక్కటే మార్పు. మీరు మెల్లిగా లాగి ఆగిపోండి. తను వెనక్కి లాక్కునేదాకా ఆగండి. లాక్కుంటే మీరు రండి."

"అంటే, నేను ఓడిపోవాలా?"

"అప్పుడప్పుడు."

"అదొక్కటీ నావల్ల కాదు తల్లీ," అంది అత్తయ్య. "దుప్పటి చివర వదిలినవాళ్ళు మా లాండ్రీలో టీ పెట్టాలి. ముప్పై ఏళ్ళలో నేను ఒక్కసారీ టీ పెట్టలేదు."

మేడం పళ్ళు కనపడేలా నవ్వడం అప్పుడే చూశాను. వాళ్ళిద్దరూ ఆ తర్వాత మోకాళ్ళ గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. వచ్చేటప్పుడు అత్తయ్యకి కూడా రెండు వ్యాయామాలు తగిలించి పంపింది మేడం. ఇంటికొచ్చాక వాటిని ఆవిడ చెయ్యకపోతే దూది ఎదుట నేను "పట్టు!" అనేదాన్ని. అది నాకు బాగా నచ్చిన వ్యాయామం.

నడి వానాకాలంలో దూదికి జలుబు, జ్వరం పట్టుకున్నాయి. దగ్గడానికి కూడా దానికి బలం చాలదు. ఇంకో పిల్లకైతే మూడు రోజుల జ్వరం, మాకు దాదాపు నెల. తగ్గి లేచేసరికి తల నిలపడం లేదు, తువ్వాలు చేతిలో పెడితే వేళ్ళు ముడవడం లేదు. అంతకు ముందు పడ్డ కష్టమంతా వానకి కొట్టుకుపోయిందని నేను తేల్చేసుకున్నాను. నాకు అయిదో నెల వెళ్ళిపోతోంది.

"మళ్ళీ మొదటికొచ్చాం మేడం," అన్నాను, ఏడవకుండా అనాలని దారంతా అనుకుని కూడా ఏడుస్తూనే.

ఆవిడ దూదిని ఒళ్ళో వేసుకుని, వీపంతా అరచేత్తో తడిమి, "మొదటికి కాదు. ఒకసారి నడిచిన దారి. చూస్తూ ఉండండి," అని వాలుదిండు మీద బోర్లా వేసింది.

ఈసారి చెంచా కూడా పట్టుకోలేదు. పక్కన ఇంకో పిల్లాడి వైపు తిరిగింది. నేను దూదినే చూస్తున్నాను. తల లేపింది. వేలెడంత. పడింది. ముక్కు చాపకి కొట్టుకుంది. ఏడవలేదు. కాస్త ఊపిరి తీసుకుని మళ్ళీ లేపింది. మళ్ళీ పడింది. బుగ్గలు ఎర్రబడ్డాయి, చెవుల వెనక చెమట పట్టింది. ఎవరూ పిలవట్లేదు, ఎవరూ చూపించట్లేదు. ఎదురుగా అద్దంలో ఒక పిల్ల కనపడుతోంది, ఆ పిల్లని ఇంకొంచెం చూడాలి, అంతే దాని గొడవ. నేను బండెడు బట్టలు ఉతికాను, పురిటి నొప్పులు పడ్డాను, కానీ ఒక తల ఎత్తడానికి ఆ పిల్ల పడ్డంత కష్టం నా జన్మలో నేను దేనికీ పడలేదు. అంతవరకు దూది అంటే నాకు జాలి. ఆ రోజు నుంచి కొంచెం భయభక్తులు కూడా.

*

వానలు పలచబడుతున్న రోజుల్లో, ఒక పొద్దున మేడం దగ్గర్నుంచి వచ్చి మెట్లెక్కాను. తలుపు ముందు నిలబడి కొట్టబోతుంటే గుర్తొచ్చింది. మెట్ల మలుపు దగ్గర నేను ఆగలేదు. రోజూ ఆగేదాన్ని. దూదిని గోడకి ఆనించి, ఊపిరి పీల్చుకుని, చెయ్యి మార్చుకుని మరీ ఎక్కేదాన్ని. ఇవాళ తిన్నగా వచ్చేశాను.

పిల్ల తేలిగ్గా ఉంది.

చిక్కిపోయింది. జ్వరంలో తిండి తినలేదు, లోపల ఇంకేదో పట్టుకుంది, నేను చూసుకోలేదు. నిన్న సగం గంజి వదిలేసింది. మొన్న కూడా. తలుపు కొట్టకుండానే దూదితో గిరుక్కున తిరిగి మెట్లు దిగాను.

మా మేడ కింద పాత పేపర్ల కొట్టు ఉంది. గడప పక్కనే పెద్ద కాటా.

"బాబాయ్, పిల్లని తూచు!"

కొట్టతను కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఏంటమ్మాయ్, పాత పేపర్లతో పాటు వేసేస్తావా?"

"వేళాకోళం కాదు బాబాయ్, తొందరగా!"

దూదిని పేపర్ల కట్టకి ఆనించి కూర్చోబెట్టి తూచాడు, కట్టని విడిగా తూచాడు, తీసివేశాడు. వానలు మొదలైనప్పుడు పదకొండు కిలోలుండేది. ఇప్పుడు పన్నెండు దాటింది.

"నీ కాటా తప్పు," అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. "చూడమ్మాయ్, ఇది పాత పేపర్లు కొనే కాటా. ఇది తప్పు చెప్తే తక్కువే చెప్తుంది గానీ, ఎక్కువ చెప్పే రకం కాదు."

ఆ మాట నమ్మక తప్పలేదు. పిల్ల బరువు పెరిగింది. మరి నాకు తేలిగ్గా ఎందుకుంది? ఆ రాత్రి మంచం మీద పడుకుని దాని అర్థం కూడా కనిపెట్టేశాను. జబ్బు పిల్లకి కాదు, నాకు. నా చేతుల్లో స్పర్శ పోతోంది. బరువు తెలియకపోవడం ఏదో నరాల జబ్బు. అత్తయ్య మోకాలు అలా, పిల్ల ఇలా, ఇప్పుడు నా చేతులు. ఇంటిల్లిపాదిలో ఒక్క మా ఆయనే మిగిలాడు, ఆయనేమో లిఫ్టు గోతుల్లోకి దిగే మనిషి.

మర్నాడు మేడంకి దాచకుండా చెప్పేశాను. చేతులు చాపి చూపించాను. ఆవిడ నా వేళ్ళు నొక్కింది, మణికట్టు తిప్పింది, తన చేతిని తొయ్యమంది. తోశాను. "దూదిని ఎత్తుకోండి," అంది.

ఎత్తుకున్నాను.

"చెయ్యి కిందకి."

దించాను.

"ఇంకా."

దించాను.

"తీసెయ్యండి."

"మేడం!"

ఆవిడ మోకాళ్ళ మీద లేచి, వెడల్పాటి ఆ రెండు అరచేతుల్నీ దూది కింద, తగలకుండా, జానెడు దూరంలో పెట్టింది. "కింద నేనున్నాగా."

కళ్ళు మూసుకుని చెయ్యి తీశాను.

నా నడుముకి అటూ ఇటూ ఏదో నొక్కుకుంది. చిన్న మోకాళ్ళు. మెడ దగ్గర బట్ట బిగుసుకుంది. కళ్ళు తెరిచి చూస్తే దూది పిడికిలి అందులో ఉంది. వేళ్ళ కణుపులు తెల్లబడి ఉన్నాయి. అది నా వైపు చూడట్లేదు, మూలన బంతి వైపు చూస్తోంది. అదేదో రోజూ చేసే పని అన్నట్టు ఉంది దాని మొహం.

నేను చెయ్యి మళ్ళీ పెట్టేసుకున్నాను. అంతకన్నా ఎక్కువసేపు పెట్టకుండా ఉండటం నావల్ల కాలేదు.

"ఊఁ," అంది మేడం. "మీ చేతులకేం కాలేదమ్మా. మీరు మోసే బరువులో కొంత తను పంచుకుంటోంది."

"ఎప్పట్నుంచి?"

"అది నేను మిమ్మల్ని అడగాలి. మోసేది మీరు కదా." లేచి బంతి తీసుకురావడానికి వెళ్ళిపోయింది.

*

ఆరో నెల నిండిన మర్నాడు మబ్బుగా ఉంది గానీ వాన లేదు. అత్తయ్య పొద్దున్నే లేచి, మంచం కింద పెట్టెలోంచి లాండ్రీలో వేసుకున్న పాత రబ్బరు బూట్లు తీసి తుడుచుకుంది. అవి ఇంకా ఉన్నాయని మాకెవరికీ తెలీదు. తడి నేల మీద ముప్పై ఏళ్ళు జారని బూట్లు. మా ఆయన ముందురోజు సాయంత్రమే రెయిలింగ్ నున్నగా అరిగిపోయిన చోటల్లా రబ్బరు పట్టీ చుట్టాడు, లిఫ్టు గదుల్లో చుట్టే రకం.

"నేను కూడా వెనకాల వస్తాను అత్తయ్యా."

"నువ్వొస్తే నీ గుండె చప్పుడుకే నేను పడతాను. పైనే ఉండు."

దూదిని ఎడమ పక్క ఎత్తుకుంది. కుడి చెయ్యి రెయిలింగ్ మీద వేసింది. దూది చేతులు వేలాడుతున్నాయి. అత్తయ్య కదల్లేదు. తొందర పెట్టలేదు. ఆగింది, మేడం చెంచా పట్టుకుని ఆగినట్టే.

"పట్టు," అంది. ఈసారి పోలీసు గొంతుతో కాదు.

దూది ఒక చెయ్యి లేచింది. మెల్లిగా, దారి వెతుక్కుంటున్నట్టు ఆవిడ మెడ వెనక్కి వెళ్ళింది. అత్తయ్య మొదటి మెట్టు దిగింది.

నేను పైన నిలబడి వంగి చూశాను. బూట్ల చప్పుడు, ఆగడం, మళ్ళీ చప్పుడు. రెయిలింగ్ మీద ఆవిడ కుడి చెయ్యి ఒక్కటే కనిపించింది, రబ్బరు పట్టీ మీద పట్టు బిగించి, వదిలి, కిందకి జరుగుతూ. మలుపు తిరిగాక అదీ కనిపించలేదు. చప్పుడు ఆగిపోయింది.

ఎంతసేపైనా మళ్ళీ మొదలవలేదు. నేను అనుకోవాల్సినవన్నీ అనేసుకున్నాను. మోకాలు మడతపడింది. దూది జారింది. ఇద్దరూ. ఆస్పత్రి. నేను ఒక మెట్టు దిగాను, కడుపు పట్టుకుని.

"ఒసేయ్ అమ్మాయ్!" కింద నుంచి అత్తయ్య గొంతు మెట్లన్నీ మోగేలా వచ్చింది. "ఏం నేర్పారే దీనికి మీరిద్దరూ? రెండో చెయ్యి కూడా వేసేసింది! నా మెడ పిసికేస్తోంది, ఊపిరాడట్లేదు!"

"కొంచెం వదలమనండి అత్తయ్యా!" అన్నాను, ఎప్పుడూ అనే అలవాటుకొద్దీ.

తర్వాత ఆవిడ గొంతు, నాతో కాదు, ఎవరితోనో గర్వంగా చెప్తున్నట్టు వచ్చింది.

"వదలదే!"

బూట్ల చప్పుడు మళ్ళీ మొదలైంది.